నారింజ రంగు సింగిల్ కొనాలా, ఎల్పీ కోసం ఆగాలా?

"ఏంది బిడ్డా, గింత పళ్ళెంకు మూడు వేలా?" అని మా అమ్మ అడిగితే నా దోస్తు నవ్వి ఊరుకున్నాడు. ఆమె చేతిలో ఉన్నది ఏడంగుళాల గ్రామఫోన్ రికార్డు, వైపుకు ఒక్క పాటే ఉండే సింగిల్. నారింజ రంగు, అద్దంలాంటి ప్లాస్టిక్కు. కిటికీ వైపు పట్టుకుని చూస్తే దానిలోంచి పెరట్లో జామచెట్టు కనిపిస్తోంది. కవరు వెనక పెన్నుతో వేసిన నంబరు 317/500. అంటే ప్రపంచం మొత్తంలో ఉన్న 500 కాపీల్లో ఒకటి కాజీపేటకు వచ్చిందన్నమాట.

మేమిద్దరం హన్మకొండ చౌరస్తాలో పాటల లిస్టు కాగితం మీద రాసిచ్చి ఖాళీ క్యాసెట్ నింపించుకున్న కాలం వాళ్ళం. ఇంగ్లీషు పాటలు అడిగితే షాపాయన "గవి ఎవలు వింటరు తమ్మీ" అనేవాడు. అందుకని వరంగల్ ఇంజనీరింగ్ కాలేజీ ఆర్‌ఈసీ హాస్టల్లో ఉండే ఒక సీనియర్ దగ్గర క్యాసెట్లు అడుక్కొచ్చి కాపీ చేసుకునేవాళ్ళం. అది ఎన్‌ఐటీ అయి ఇరవై ఏళ్ళు దాటినా మా నోటికి ఇంకా ఆర్‌ఈసీనే.

మా ఇద్దరికీ ఇష్టమైన ఒక అమెరికా రాక్ బ్యాండ్ తన కొత్త పాటను ముందు సింగిల్‌గా వదిలింది. ఆల్బమ్ వచ్చేది ఇంకొన్ని నెలలకు. కాబట్టి ఆ పాటకు మూడు దారులున్నాయి: ఇప్పుడే ఈ రంగు సింగిల్ కొనడం, ఆల్బమ్ వచ్చాక పాటలన్నీ ఉండే మామూలు నల్ల పెద్ద రికార్డు, అంటే ఎల్పీ, కొనడం, డౌన్‌లోడ్ చేసుకోవడం. దోస్తు మొదటి దారి పట్టాడు. నేను పట్టలేదు.

ముందు డబ్బు సంగతి. రికార్డు ధర 12 డాలర్లు, అమెరికా నుంచి తెప్పించే ఖర్చు 18. దానిపైన కస్టమ్స్ డ్యూటీ. "గిఫ్ట్ అని రాయించు" అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. విదేశాల నుంచి గిఫ్ట్ పేరుతో డ్యూటీ లేకుండా తెప్పించుకునే సౌకర్యాన్ని 2019 డిసెంబరులోనే తీసేశారు. ప్రాణాధార మందులకు, రాఖీలకు మాత్రం మినహాయింపు ఉంది. నారింజ రికార్డును రాఖీ అంటే ఎవరూ నమ్మరు. అన్నీ కలిపి మూడు వేలు దాటింది, చేతికొచ్చింది రెండు పాటలు. ఎల్పీకి ఇంకో పదిహేను వందలో రెండు వేలో ఎక్కువైనా నలభై నిమిషాల సంగీతం వస్తుంది. ఈ లెక్కలో సింగిల్ నిలబడదు, మా వాడూ ఒప్పుకుంటాడు.

అతని అసలు వాదన సౌండు గురించి. "45 స్పీడు రా, ఎల్పీది 33. సింగిలే బాగుంటది." స్పీడంటే నిమిషానికి రికార్డు తిరిగే చుట్లు. రికార్డులు కొనే చాలామంది అనే మాటే ఇది. ఇందులో నిజం సగమే. సౌండు తిరిగే స్పీడు ఒక్కదాని మీదే ఆధారపడదు. రికార్డు మీద సూది నడిచే సన్నటి గీతే గాడి. సెకనుకు ఎంత పొడవు గాడి సూది కిందుగా సాగిపోతుందన్నది ముఖ్యం. గాడి పొడవుగా పరుచుకుంటే డ్రమ్ముల పక్కన మోగే ఇత్తడి తాళాల (సింబల్స్) లాంటి సన్నటి చప్పుళ్ళు ఇరుక్కోకుండా ఉంటాయి. జాతరలో రంగులరాట్నం గుర్తు తెచ్చుకోండి: రాట్నం ఒక్కటే, తిరిగే స్పీడూ ఒక్కటే, కానీ బయటి గుర్రం మీద కూర్చున్నవాడికి గాలి ఎక్కువ కొడుతుంది. ఏడంగుళాల సింగిల్ బయటి అంచున సెకనుకు సుమారు 40 సెంటీమీటర్ల గాడి సాగుతుంది, లోపలికి వచ్చేసరికి అది 25 దాకా పడిపోతుంది. పన్నెండంగుళాల ఎల్పీ నెమ్మదిగా తిరిగినా చుట్టు పెద్దది కాబట్టి బయటి అంచున 51 దాకా ఉంటుంది, చివరి పాటకు వచ్చేసరికి 21కి దిగుతుంది. కాబట్టి ఎల్పీలో మొదటి పాటకు సింగిల్ కన్నా ఎక్కువ చోటు దొరుకుతుంది, చివరి పాటకు తక్కువ.

అందుకని అడగాల్సింది 45ఆ 33ఆ అని కాదు, ఆ పాట ఆల్బమ్‌లో ఎన్నోది అని. బ్యాండ్ పాటల వరుస ముందే చెప్పేసింది. మా పాట ఎల్పీ ముందువైపున, అంటే ఎ-సైడ్‌లో, మొదటిది. అక్కడితో నా మనసు ఎల్పీ వైపు తిరిగింది. అదే పాట సైడ్ చివర ఉండి ఉంటే నేనూ నారింజ రంగే కొనేవాణ్ణి.

సింగిల్ పెట్టగానే హుషారుగా వినిపించే మాట నిజమే. ఒక వైపు నాలుగు నిమిషాలే ఉంటుంది కాబట్టి గాడిని వెడల్పుగా, గట్టిగా కోసే వీలుంది. ఎల్పీలో వైపుకు ఇరవై నిమిషాలు సర్దాలి. మా వాడు వాల్యూమ్ ముట్టుకోకుండా సింగిల్ తర్వాత అదే బ్యాండ్ పాత ఎల్పీ పెట్టి "చూసినవా" అంటాడు. నాబు కాస్త తిప్పితే ఆ తేడా చాలావరకు పోతుంది.

రంగు వల్ల సౌండు పెద్దగా మారదు. బొమ్మలు ముద్రించిన పిక్చర్ డిస్కుల్లోనే గరగర ఎక్కువ. మా నాన్న దాచిన హెచ్ఎంవీ ఈపీలు కూడా ఏడంగుళాలే, 45 స్పీడే, వైపుకు రెండేసి సినిమా పాటలు. కలకత్తా పక్కన డమ్‌డమ్ ఫ్యాక్టరీలో అచ్చయిన ఆ నల్ల బిళ్ళలు గీతలు పడి కూడా మోగుతూనే ఉన్నాయి.

ఇక "లిమిటెడ్" అన్న మాట. దాన్ని చూడగానే చెయ్యి జేబులోకి పోతుంది, నాకూ పోతుంది. కానీ గాడి కోయించడానికి, దాన్నుంచి కాపీలు అచ్చు వేసే లోహపు స్టాంపర్ చేయించడానికి అయ్యే ఖర్చు వంద కాపీలకైనా వెయ్యికైనా ఒకటే. ఒక స్టాంపర్‌తో వెయ్యి దాకా తీయొచ్చు. 500 దగ్గర ఆపారంటే అంతకుమించి అమ్ముడుపోవని బ్యాండ్ వేసుకున్న లెక్క కావచ్చు. అమ్ముడైపోతే రేపు నీలం రంగులో ఇంకో 500 రావచ్చు. క్వీన్ బ్యాండ్ 'బొహీమియన్ రాప్సొడీ'ని 1978లో నీలి రంగులో 200 కాపీలు మాత్రమే వేశారు, కంపెనీకి ఎగుమతుల అవార్డు వచ్చిన సందర్భంలో. దానికి ఇప్పుడు పలికే ధర చూసి ప్రతి రంగు సింగిలూ బంగారమవుతుందనుకోవద్దు. ముందు ఆ బ్యాండ్ క్వీన్ కావాలి.

మన ఊళ్ళో ఇంకో లెక్క ఉంది, ఎండ. దోస్తు పార్సిల్ మే నెలలో వచ్చింది. కొరియర్ వాళ్ళ రేకుల షెడ్డులో రెండు రోజులు పడి ఉందట. విప్పి చూస్తే రికార్డు అంచు ఒకచోట అప్పడంలా లేచి ఉంది. ఈ ప్లాస్టిక్కుకు 60 డిగ్రీల దగ్గర మెత్తబడే గుణం ఉంది. బయట 44 ఉన్నప్పుడు మూసి పెట్టిన రేకుల కింద ఎంత వేడి ఉంటుందో మీరే ఊహించుకోండి. రెండు అద్దాల మధ్య పెట్టి, పైన బియ్యం మూట ఎత్తి, వారం రోజులు ఉంచాడు. చాలావరకు దిగింది. ఇప్పటికీ సూది అక్కడికి రాగానే చిన్నగా ఎగురుతుంది, పాట మాత్రం తెగదు. నంబరు వేసిన రికార్డు కాబట్టి మార్చి ఇవ్వమంటే అమ్మినవాళ్ళ దగ్గర ఇంకో కాపీ లేదు. మామూలు ఎల్పీ అయితే ఇంకొకటి అడగొచ్చు.

డౌన్‌లోడ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. బ్యాండ్లు తమ పాటలు అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైటులో నూటయాభై రూపాయలు పెడితే నాణ్యత తగ్గని ఫైలు అప్పటికప్పుడు వచ్చేస్తుంది. సైటు 15 శాతం తీసుకుంటుంది, ఆ పైన చెల్లింపు ఫీజులు పోగా మిగిలింది బ్యాండ్‌కే. హన్మకొండ నుంచి ఉప్పల్ దాకా బస్సులో ఆ పాట నాకు ఎన్నిసార్లు తోడొచ్చిందో. గరగర లేదు, ఎండ భయం లేదు. చేత్తో పట్టుకుని అమ్మకు చూపించడానికీ ఏమీ లేదు.

దోస్తు నన్ను ఓడించింది ఒక్కచోటే, సింగిల్ వెనకవైపు, అంటే బి-సైడ్ దగ్గర. అదే పాటను స్టూడియోలో ఒక్క గిటారు పెట్టుకుని నెమ్మదిగా పాడింది అక్కడుంది. అది ఆల్బమ్‌లో లేదు, డౌన్‌లోడ్‌లోనూ ఇవ్వలేదు. రెండో నిమిషంలో గాయకుడు ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపిస్తుంది. మూడు వేలు ఎందుకు పెట్టావంటే అతను చెప్పుకోగల గట్టి కారణం ఇదొక్కటే. మీరు కొనాలనుకునే సింగిల్ వెనకవైపు కూడా ఆల్బమ్ పాటే ఉంటే మాత్రం వదిలేయండి.

ఇంకో తిరకాసు ఉంది. ఆ సింగిల్‌కు నడుమ పెద్ద రంధ్రం, అమెరికా పద్ధతి. ప్లేయర్ మీద పెట్టాలంటే మధ్యలో అడాప్టర్ బిళ్ళ కావాలి. అతని ప్లేయర్‌తో అది రాలేదు. అట్టముక్క కోసి పెడితే కేంద్రం కుదరక పాట ఊయలలూగింది. అడాప్టర్ నా దగ్గరుంది. అందుకే ఆదివారం ఆదివారం అతను కాజీపేట నుంచి రికార్డు పట్టుకుని మా ఇంటికొస్తాడు. బి-సైడ్ రెండుసార్లు వింటాం, ఎ-సైడ్ ఒకసారి. నా ఎల్పీ ఆర్డర్ మాత్రం జూన్‌లో నాలుగు వానలు పడ్డాకే.