లామాస్ పెట్టె: తొలి పంట పండుగ సరంజామాపై సమీక్ష

విక్కా అనే పాశ్చాత్య మతస్థులు ఆగస్టు 1న లామాస్ పేరుతో జరుపుకొనే తొలి పంట పండుగకు కావలసిన వస్తువులన్నింటినీ ఒకే పెట్టెలో సర్ది అమ్ముతున్న ఒక ఆన్‌లైన్ దుకాణం నుంచి, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి కోరిక మేరకు, ఈ పెట్టెను గోదావరి డెల్టాలో రామచంద్రపురం దగ్గరి మా ఊరికి తెప్పించాము. ఇందులో గోధుమ కాడల కట్ట, ఎర్ర రిబ్బను, రొట్టె పిండి, ఈస్ట్ పొట్లం, రెండు కొవ్వొత్తులు, ఒక చిన్న పుస్తకం ఉన్నాయి. వెల వెయ్యి రూపాయలు దాటింది.

పెట్టెలో అన్నింటికంటే విలువైనది ఆ పుస్తకమే. విక్కా 1950ల దశకంలో జెరాల్డ్ గార్డ్‌నర్ ద్వారా ఇంగ్లండులో వెలుగులోకి వచ్చిన కొత్త మతమని, ఏడాదికి వచ్చే ఎనిమిది పండుగలలో మూడు పంటలకు సంబంధించినవని, వాటిలో ఇది మొదటిదని దాచకుండా చెప్పింది. లూ అనే దేవుడు తనను పెంచిన తల్లి స్మారకంగా ఆటల పోటీలు జరిపించాడనే ఐర్లండు గాథనూ, కొత్త గోధుమల రొట్టెను చర్చికి తీసుకువెళ్ళే పాత ఇంగ్లండు ఆచారాన్నీ కలగాపులగం చేయకుండా వేటికవిగా వివరించింది. ఇలాంటి సరుకుతో వచ్చే పుస్తకాలు సాధారణంగా ప్రతిదానినీ వేల ఏళ్ళ నాటిదని చెప్పుకుంటాయి కనుక ఈ నిజాయితీ నాకు నచ్చింది.

గోధుమ కాడలతో అల్లే బొమ్మకు సంబంధించిన పేజీలు మరీ బాగున్నాయి. కాడలను ముందుగా నీళ్ళలో నానబెట్టి, తడిగుడ్డలో చుట్టి ఉంచుకోవాలి. ఐదు కాడలను కంకుల దగ్గర కలిపి కట్టి, నాలుగు దిక్కులకూ పరచి, రెండు కాడలున్న దిక్కు నుంచి ఒకదానిని పక్కనున్న రెండింటి మీదుగా మడవాలి. దాటిన వాటిలో రెండవ కాడ తరువాతి వంతు తీసుకుంటుంది. కాడ అయిపోతే, గుల్లగా ఉన్న దాని కొనలోకి కొత్త కాడను దూర్చి అల్లిక కొనసాగించవచ్చు. సంక్రాంతికి ముందు పిచ్చుకల కోసం గుమ్మాలకు, గుళ్ళకు కట్టే వరి కుచ్చులు అల్లిన చేతులకు ఈ పని త్వరగానే పట్టుబడుతుంది. అయితే వరి కాడ సన్నం కనుక అతుకు పద్ధతి దానికి నప్పదు. కంకులు రాలకుండా కాస్త పచ్చిగా ఉన్నప్పుడే కోసి అల్లే మన పద్ధతే దానికి సరి. పంటలోని జీవశక్తి చివరి పనలో నిలిచి ఉంటుందనే నమ్మకంతో ఆ పనతోనే బొమ్మను అల్లి, మరుసటి దుక్కి వరకు ఇంట్లో ఉంచేవారని పుస్తకం చెబుతుంది.

మాకు వచ్చిన కట్టలో మాత్రం కొన్ని కాడలు ఒక చివర బూజు పట్టాయి. వానాకాలంలో డెల్టాకు పంపే గడ్డిని పలచని ప్లాస్టిక్ సంచిలో పెట్టడం అమ్మకందారు చేసిన పొరపాటే. రొట్టె పిండి మన కిరాణా కొట్టు గోధుమ పిండికి ఏమాత్రం మెరుగైనది కాదు. మన ఉక్కలో ముద్ద పుస్తకంలో చెప్పిన సమయానికి ముందే పొంగిపోతుంది కనుక గడియారాన్ని నమ్మక ముద్దనే చూసుకోవాలి. మా ఇంట్లో ఒవెన్ లేనందున గోధుమ పన ఆకారంలో చేసిన రొట్టెను పట్టణంలోని ఒక బేకరీలో కాల్పించాము. కొవ్వొత్తుల గురించి చెప్పవలసినంత ఏమీ లేదు.

పూజా విధానం సరళమైనది: వలయం గీసి, రొట్టెకూ పానీయానికీ కృతజ్ఞత చెప్పి, తొలి ముక్కను నేలకు అర్పించాలి. బీరుకు బదులు పండ్ల రసం వాడవచ్చని రాయడం ఇంటిల్లిపాది కూర్చునేవారికి అనుకూలంగా ఉంది.

అసలు లోపం తేదీకి సంబంధించినది. దక్షిణార్ధగోళంలో ఋతువులు తిరగబడతాయి కనుక అక్కడివారు ఈ పండుగను ఫిబ్రవరి ఆరంభానికి మార్చుకుంటారని పుస్తకమే చెబుతూ, వర్షాధారంగా ఋతువులు నడిచే దేశాల గురించి ఒక్క మాటా రాయలేదు. గోదావరిపై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో మొదలైన మా కాలువల సేద్యంలో ఆగస్టు ఆరంభం సార్వా, అంటే వానాకాలపు వరి, ఊడ్పుల కాలం. మోకాలి లోతు బురదలో నారు నాటుతున్న ఊళ్ళో కోతల పండుగ అంటే కూలివాళ్ళే నవ్వుతారు. సార్వా కోతలు నవంబరు, డిసెంబరులలో, రెండవ పంట అయిన దాళ్వా కోతలు వేసవిలో వస్తాయి. విక్కా వారు తమ నేల ఋతువును అనుసరించడాన్నే ముఖ్యమని భావిస్తే, ఈ ప్రాంతంలో ఈ పెట్టెను కార్తిక మాసం దాటాక తెరవడమే సబబు. అప్పుడు గోధుమ రొట్టె స్థానంలో కొత్త బియ్యపు పరమాన్నం ఉంచినా పుస్తకంలోని విధానానికి భంగం కలగదు.

పాశ్చాత్యుల పంట ఆచారాలపై ఆసక్తి ఉండి, చేతిపని చేయగల ఓపిక ఉన్నవారు దీనిని కొనవచ్చు. రొట్టె కోసమే అయితే కొనవద్దు. పుస్తకాన్నీ కాడల కట్టనూ విడిగా, సగం ధరకు అమ్మమని దుకాణానికి రాశాను. కాడలు మార్చి పంపుతామని బదులిచ్చారు గాని, విడి అమ్మకం గురించి ఏమీ చెప్పలేదు.