కంటి విభాగం: గదిలో ఎదురుచూపు తగ్గింది, తర్వాతి తేదీ సంగతే తేలాలి

అమ్మకు నీటికాసులు (గ్లకోమా), అంటే కంటి నరం దెబ్బతిని చూపు మెల్లగా పోయే జబ్బు. ఏళ్లుగా ఒకే ఆసుపత్రిలో చూపిస్తున్నాం. అక్కడి కంటి విభాగంలో ఈమధ్య ఓపీ పద్ధతి మార్చారు, అందుకే ఈ రివ్యూ.

ఇదివరకు కళ్లద్దాల కోసం వచ్చినవాళ్లు, శుక్లం ఆపరేషన్ అయినవాళ్లు, అమ్మలాంటివాళ్లు అందరూ ఒకే గది ముందు కూర్చునేవాళ్లు. చుక్కలు వేస్తే కంటిపాప పెద్దదవడానికి 20-30 నిమిషాలు చాలు. పిలుపు మాత్రం గంటలకు గానీ వచ్చేది కాదు. లైట్ల వెలుతురు భరించలేక అమ్మ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చునేది.

ఇప్పుడు టైమ్ ఇచ్చి రమ్మంటున్నారు. చూపు పరీక్ష, ఫీల్డ్ టెస్ట్ (చుట్టుపక్కల ఎంతమేర కనిపిస్తోందో చూసేది), కంటి ప్రెషర్, ఓసీటీ స్కాన్ (కంటి లోపలి పొరలను చూపించేది) అన్నీ టెక్నీషియన్లే వరసగా చేసేస్తున్నారు. చుక్కలు అవసరమైనవాళ్లకే, అవీ చివర్లోనే. డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి రిపోర్టులన్నీ ఆమె ముందు ఉంటున్నాయి కాబట్టి మాట్లాడే తీరిక దొరికింది. మొన్న అమ్మ చేత మందు వేయించి చూశారు. కింది రెప్ప లాగి ఒక్క చుక్కే వేసుకోవాలట. కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి ఉంచాలట. రెండో మందుకు కనీసం 5 నిమిషాలు ఆగాలట. ఇన్నేళ్లలో ఇవి ఎవరూ చూపించలేదు. క్యూ తగ్గితే ఒరిగేది ఇదీ.

ఇంకోటి బాగా నచ్చింది. కంట్లో మెరుపులు, పక్కనుంచి నల్లటి తెర కమ్ముకొస్తోందని ఒకాయన చెప్పగానే, ద్వారం దగ్గరి నర్సు టోకెన్ కూడా అడగకుండా లోపలికి పంపింది. రెటీనా (కంటి వెనకాల ఉండే పొర) ఊడుతున్నప్పుడు అలాగే ఉంటుంది, ఆలస్యం చేయకూడదు.

తేడా వచ్చిందల్లా కౌంటర్‌లో. డాక్టర్ మూడు నెలలకు రమ్మని రాస్తే, ఖాళీ లేదని ఆరు నెలల తర్వాతి తేదీ ఇచ్చారు. నీటికాసుల్లో పోయిన చూపు తిరిగి రాదు, పోతున్నట్టు మనిషికి తెలియను కూడా తెలియదు. గదిలో గంట ఆలస్యమైతే విసుగొస్తుంది, అంతే. ఈ ఆలస్యంతో చూపే పోవచ్చు. జబ్బు నిలకడగా ఉన్నవాళ్లకు పరీక్షలు మాత్రం చేసి పంపి, రిపోర్టులు డాక్టర్ తర్వాత చూస్తే మిగతావాళ్లకు చోటు దొరుకుతుంది. కొన్ని దేశాల్లో ఇలా చేస్తున్నారు కూడా. టోకెన్ నంబర్లను బోర్డు మీద వేయడంతో సరిపెట్టకుండా మైకులో పిలవాలి. అక్కడున్నది చూపు సరిగా లేనివాళ్లే కదా!

చీటీలో రాసిన గడువు దాటి తేదీ ఇస్తే కౌంటర్ వదలకండి. మేం వెనక్కి వెళ్లి డాక్టర్‌కు చెబితే, ఆమె సంతకం పెట్టి ఇంకా దగ్గరి తేదీ ఇప్పించారు.