ఇంట్లో చేసుకునే వీర్యకణాల కిట్: రెండో గీత ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ప్రెగ్నెన్సీ కిట్‌లాగే గీతలు చూపించే ఈ రకం కిట్ కొలిచేది ఒక్కటే, ఎస్‌పీ-10 అనే ప్రొటీన్. వీర్యకణం తలకు టోపీలా ఉండే ఆక్రోజోమ్‌లో ఉంటుందది. దాన్నిబట్టి మిల్లీలీటరుకు 2 కోట్ల కణాలకు తగ్గలేదనిపిస్తే రెండో గీత పడుతుంది.

తొందరపడకపోతే ఆ పని బాగానే చేస్తుంది. పొరపాటు జరిగే వీలున్నది మొదటి అరగంటలో. వీర్యం బయటికి రాగానే సెమెనోజెలిన్ అనే ప్రొటీన్ వల్ల జిగురుగా గడ్డకడుతుంది. ప్రోస్టేట్ నుంచి వచ్చే పీఎస్‌ఏ అనే ఎంజైమ్ ఆ జిగురును ముక్కలు చేస్తుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ రక్తపరీక్షలో వినే పీఎస్‌ఏ ఇదే. మామూలుగా 15 నుంచి 30 నిమిషాల్లో పలచబడుతుంది. ఈలోపే డ్రాపర్ ముంచితే అందులోకి గడ్డ వస్తుందో, కణాలు లేని ద్రవం వస్తుందో చెప్పలేం. పలచబడ్డాక మెల్లగా కలిపి, డ్రాపర్ మీది గీత వరకే తీసుకోవాలి. గంట దాటినా జిగురు విడవకపోతే కిట్‌తో పని లేదు, ల్యాబ్‌కు వెళ్లాల్సిందే.

నమూనాకు ముందు 2 నుంచి 7 రోజులు వీర్యం బయటికి పోకుండా విరామం ఉండాలి. మొదటి చుక్కలు కప్పులో పడకపోతే ఆ ఫలితం నమ్మొద్దు, కణాలు ఎక్కువగా ఉండేది అందులోనే.

ఇక అసలు లోపం. సంఖ్య ఉన్నంత మాత్రాన కణం పని చేస్తుందని కాదు. అండం చుట్టూ ఉన్న కణాల పొరను దాటడానికి హయలురోనిడేస్ అనే ఎంజైమ్ కావాలి. దాని లోపలి గట్టి పొర దగ్గర ఆక్రోసిన్ లాంటి ఎంజైములు సాయపడతాయి. అవి పని చేస్తున్నాయో లేదో ఈ కిట్‌కు తెలియదు. కదలికా తెలియదు, బతికున్న కణమా చచ్చినదా అన్నదీ తెలియదు.

ఒకే గీత పడిందని బెంబేలెత్తక్కర్లేదు. 2 కోట్లు పాత హద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మాన్యువల్‌లో కింది హద్దు 1.6 కోట్లే. పైగా ఈమధ్య గట్టి జ్వరం వచ్చినా రెండు మూడు నెలలు సంఖ్య తగ్గి ఉండొచ్చు.

మొదటి జల్లెడగా ఒక పెట్టె కొనొచ్చు. రెండోది కొనే బదులు ఆ డబ్బు ల్యాబ్‌లో సీమెన్ అనాలిసిస్‌కు (వీర్య పరీక్షకు) పెట్టండి. ఏడాదిగా పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లైతే మొదటిదీ వద్దు.