ఇరుక్కున్న డిస్ట్రిబ్యూటర్‌కు బెల్టు రెంచి: ఏళ్ల తరబడి వాడాక

పెట్రోల్ అంబాసిడర్ ఇంకా నడుపుతున్నవాళ్లు బెల్టు రెంచి ఒకటి తప్పకుండా కొనిపెట్టుకోవాలి. హ్యాండిల్‌కున్న బెల్టును చుట్టూ బిగించి ఆయిల్ ఫిల్టర్ విప్పడానికని అమ్మే సామానే అది. నాకు మాత్రం ఎక్కువగా అక్కరకొచ్చింది ఇంజిన్ బ్లాకులో బిగుసుకుపోయిన డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్గులకు వరసగా కరెంటు పంచే భాగం) తీయడానికి.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నీళ్లు కర్నూలును ముంచెత్తినప్పుడు మా బండి కూడా మునిగింది. తర్వాత ఇంజిన్ మీద సామాన్లన్నీ విప్పుకొచ్చాయి గానీ డిస్ట్రిబ్యూటర్ మాత్రం కదల్లేదు. దాని బాడీ అల్యూమినియం, అది కూర్చునే బ్లాకు పోత ఇనుము. రెంటి మధ్య తేమ చేరితే అల్యూమినియం తెల్లటి బూజులా పొంగి సందంతా పూడ్చేస్తుంది. షెడ్డులో ముసలాయన ఈ రెంచి చేతికిచ్చి, "లాగద్దు నాయనా, తిప్పల్ల" అన్నాడు. అసలు కిటుకు అదే. పైకి ఎంత లాగినా ఆ బూజు వదలదు. అటూ ఇటూ వెంట్రుకవాసి తిప్పుతూ పోతే పొడిపొడిగా రాలుతుంది.

పైపు రెంచి పెడితే బాడీ నలుగుతుంది, చైను రెంచి పళ్లు దిగుతాయి. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే అంచు విరుగుతుంది. బెల్టు చుట్టూ సమంగా పట్టుకుంటుంది కాబట్టి ఆ భయం లేదు. మూత తీశాక క్లిప్పులూ, పక్కనుండే వాక్యూమ్ డబ్బా (ఇంజిన్ పీల్పును బట్టి స్పార్క్ సమయం మార్చేది) బెల్టు కిందికి రాకుండా చూసుకోండి. వాక్యూమ్ డబ్బాను పిడిలా పట్టుకుని తిప్పేవాళ్లను చాలామందిని చూశాను. అది విరిగితే కొత్తది దొరకడం ఎంత కష్టమో ఈ బండ్లున్నవాళ్లకు తెలుసు.

ముందురోజు సాయంత్రమే మెడ చుట్టూ తుప్పు వదిలించే నూనె పోసి, తెల్లవారుజామున పని మొదలుపెట్టండి. వేడికి అల్యూమినియం ఇనుముకంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కనుక, వేడి ఇంజిన్ మీద అది ఇంకా బిగుస్తుంది. మన మే నెల ఎండలో బయట నిలబెట్టిన బండి జోలికి మధ్యాహ్నం పోవద్దు. పెట్రోల్ పైపుల పక్కన గ్యాస్ మంట సంగతి అసలే వద్దు.

తీసేముందు రోటర్ (మూత కింద తిరిగే ముక్క) ఎటు చూస్తోందో బ్లాకు మీద గుర్తు పెట్టుకోండి. డిస్ట్రిబ్యూటర్ కింది ప్లేటును బ్లాకుకు బిగించిన రెండు బోల్టులే విప్పాలి. డిస్ట్రిబ్యూటర్ మెడను పట్టుకున్న బిగింపు బోల్టు వదులు చేయకపోతే టైమింగ్ (స్పార్క్ పడే సమయం) అలాగే ఉంటుంది. షాఫ్టు కింద ఇంజిన్‌లోకి దూరే నాలుక మధ్యకు కాక ఒక పక్కకు ఉంటుంది, అందుకే తిరిగి పెట్టేటప్పుడు ఒకే తీరుగా కూర్చుంటుంది. రోటర్‌ను మెల్లగా తిప్పుతుంటే టక్కున దిగుతుంది. మెడకు పల్చగా గ్రీజు పూయండి. నేను పూసినప్పటి నుంచి చేతితోనే వస్తోంది.

రెంచిలో లోపాలు లేకపోలేదు. బెల్టుకు నూనె తగిలితే జారిపోతుంది, ప్రతిసారీ పెట్రోల్ గుడ్డతో తుడవాల్సిందే. మొదటిది రబ్బరు బెల్టు, డిక్కీలో వేడికి పగిలిపోయింది. తర్వాత కొన్న నైలాన్‌ది ఇప్పటికీ గట్టిగా ఉంది. పక్కింటి మారుతి 800లో హ్యాండిల్ తిప్పేంత జాగా దొరక్క పక్కన పెట్టేశాను. అంబాసిడర్‌కైతే నైలాన్ బెల్టుది, పొడవాటి హ్యాండిల్ ఉన్నది చూసి తీసుకోండి.