రొయ్యల చెరువు దగ్గర బీపీ మిషన్: చాన్నాళ్లు వాడాక

భీమవరం పక్కన మాకు వెనామీ రకం రొయ్యల చెరువులున్నాయి. జబ్బకు పట్టీ చుట్టే డిజిటల్ బీపీ మిషన్ నాన్నగారి కోసం కొన్నాం కానీ, అది గట్టు మీద షెడ్డుకి చేరి చాలా కాలమైంది. ఇప్పుడు దాన్ని ఎక్కువగా వాడేది నేనూ, మా బావమరిదీ. రాత్రి కాపలా మా ఇద్దరిదీ. అతనికి అదనంగా వేప్ (ఈ-సిగరెట్) అలవాటు.

కొలత విషయంలో వంక పెట్టలేను. డాక్టరు గారి దగ్గరకు తీసుకెళ్లి పక్కపక్కన చూస్తే తేడా స్వల్పమే. అయితే ఐదు నిమిషాలు కదలకుండా, కాళ్లు నేలకి ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి చూడాలి. అరగంట ముందు నుంచి టీ, పొగ ఉండకూడదు. బావమరిది జబ్బ లావు. మిషన్‌తో వచ్చిన పట్టీ చాలక అతనికి ఎక్కువ చూపించేది. పెద్ద పట్టీ విడిగా కొన్నాం.

రొయ్యల సాగులో నిద్ర సంగతి చేసినవాళ్లకే తెలుసు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. అప్పుడే కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే జనరేటర్ దగ్గరకి పరుగే. పంట చివర్లో ఉదయం నా బీపీ పై అంకె 140కి అటూ ఇటూ ఉంటుంది. పట్టుబడి (రొయ్యలు పట్టడం) అయిపోయి ఇంట్లో కొన్నాళ్లు పడుకుంటే 120ల్లోకి దిగుతుంది. ఇందులో రొయ్యల రేటు టెన్షన్ ఎంత, నిద్రలేమి ఎంత అని మిషన్ విడదీసి చెప్పదు లెండి. కానీ నిద్రలో బీపీ మామూలుగా 10 నుంచి 20 శాతం తగ్గాలి, నిద్ర లేనప్పుడు ఆ విశ్రాంతి గుండెకు ఎక్కడిది? అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా 2022లో గుండె ఆరోగ్యానికి చూసే అంశాల్లో తిండి, వ్యాయామం, పొగాకులతో పాటు నిద్రను చేర్చింది. పెద్దలకు 7 నుంచి 9 గంటలట. మా గట్టు మీద అది జరిగే పని కాదు.

ఇక వేప్. 2019 నుంచి దేశంలో దాని అమ్మకం, దిగుమతి, నిల్వ అన్నీ నిషేధమే. ఎక్కడ దొరుకుతుందో అతను చెప్పడు. "పొగ కాదు బావా, ఆవిరి" అంటాడు. ఓ సాయంత్రం పీల్చక ముందు ఒకసారి, నాలుగు దమ్ములు లాగాక ఒకసారి చూశాం. నాడి పదికి పైగా పెరిగింది, పై అంకె కూడా ఎక్కింది. తర్వాత ఎప్పుడు చూసినా అదే తీరు. సిగరెట్టులోని తారు ఇందులో లేదన్నది నిజమే. నికోటిన్ మాత్రం ఎందులోంచి వచ్చినా రక్తనాళాల్ని బిగిస్తుంది, గుండెను పరుగెత్తిస్తుంది. ఒంట్లో అది సగానికి తగ్గడానికే సుమారు 2 గంటలు పడుతుంది. మెలకువ కోసమని తన వంతు అయ్యేదాకా లాగి, దిగగానే పడుకుంటే కునుకు రాదు. ఇప్పుడు అర్ధరాత్రి తర్వాత ముట్టుకోవడం లేదు. పూర్తిగా మాత్రం మానలేదు.

మిషన్ లోపాలు చెప్పాలంటే, ఉప్పు గాలికి సెల్స్ పెట్టే చోట తుప్పు పడుతోంది. పట్టీ అంటుకోవడం తగ్గింది. ఇద్దరి లెక్కలూ ఒకే మెమరీలో కలిసిపోయి సగటుకు అర్థం లేకుండా పోతోంది. కొనేవాళ్లు ఇద్దరికి విడివిడిగా దాచే మోడల్ తీసుకోండి, అడాప్టర్ కూడా ఇస్తారేమో అడగండి.