పడవ ట్రైలర్‌కి ఏ బ్రేకు మేలు: సర్జా, ఎలక్ట్రిక్కా?

హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్‌కో శ్రీశైలానికో ట్రైలర్ తీసుకెళ్లాలనుకునేవాళ్లు ముందు అడిగేది "మన కారు లాగుతుందా?" అని. లాగడం సరే, ఆగుతుందా అన్నది ముందు చూసుకోండి.

సర్జ్ బ్రేకుకి కారులో ఏమీ బిగించక్కర్లేదు. కారు వేగం తగ్గగానే వెనకున్న ట్రైలర్ ముందుకు తోసుకొస్తుంది. ఆ తోపుకి కప్లర్, అంటే ట్రైలర్‌ని కారుకి తగిలించే ముందు భాగం, వెనక్కి జరిగి మాస్టర్ సిలిండర్‌ని నొక్కుతుంది, ఆయిల్ ప్రెషర్‌తో ట్రైలర్ చక్రాలకు బ్రేకు పడుతుంది. బరువెక్కువైతే బ్రేకు కూడా గట్టిగా పడుతుంది. ఇవాళ మీ కారు, రేపు మీ బావగారి కారు, కారు వెనక కప్లర్ కూర్చునే బాల్ (ఇనుప గుండు) సైజు కుదిరితే దేనికైనా తగిలించుకోవచ్చు.

ఎలక్ట్రిక్ బ్రేకుకి లాగే ప్రతి కారులో కంట్రోలర్ (ట్రైలర్ బ్రేకుకి కరెంటు పంపే పెట్టె), వైరింగ్ ఉండాలి. పెడల్ తొక్కితే కరెంటు వెళ్లి డ్రమ్ములోని మాగ్నెట్ పనిచేస్తుంది. లోడు మారితే సెట్టింగ్ కూడా మార్చుకోవాలి.

ఇంత పని ఎందుకంటే, ఘాట్ రోడ్డు కోసం. దోమలపెంట దాటి శ్రీశైలం డ్యామ్ వైపు దిగేటప్పుడు మీరు పెడల్ తొక్కకపోయినా, చిన్న గేరులో దిగుతున్నా, ట్రైలర్ కారుని తోస్తూనే ఉంటుంది. దాంతో సర్జ్ బ్రేకు వదలకుండా పట్టుకునే ఉంటుంది. డ్రమ్ములు వేడెక్కి పట్టు తగ్గుతుంది. ఎలక్ట్రిక్‌లో ట్రైలర్ అటూ ఇటూ ఊగితే కంట్రోలర్ మీటతో దాని ఒక్కదానికే బ్రేకు వేసి దారిలో పెట్టొచ్చు. సర్జ్‌లో ఆ వీలు లేదు.

రివర్స్ దగ్గర కూడా సర్జ్ ఇబ్బంది పెడుతుంది. మన కాలనీల్లో గేటు ముందు ర్యాంపులు ఎంత నిటారుగా ఉంటాయో తెలిసిందే. ట్రైలర్‌ని దాని మీదికి వెనక్కి ఎక్కిస్తుంటే కప్లర్ నొక్కుకుని బ్రేకు పట్టేస్తుంది. రివర్స్ లైటు కరెంటుతో బ్రేకుని వదిలించే సాలినాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వు) ఉన్నది కొనండి, టెన్షన్ ఉండదు.

అయినా పడవకి నా ఓటు సర్జ్‌కే. నీళ్లలోకి దింపే ట్రైలర్‌లో మాగ్నెట్లు, వైర్ల జాయింట్లు తుప్పు పట్టి పోతాయి. క్యాంపర్‌తో, అంటే లోపల పడుకునే వీలున్న ట్రైలర్‌తో, తరచూ ఘాట్లు దిగేవాళ్లు మాత్రం ఎలక్ట్రిక్ పెట్టించుకోవాలి.

ఏది పెట్టించినా కప్లర్ విషయంలో రాజీ పడొద్దు. 2 అంగుళాల బాల్ అంటే 50.8 మిల్లీమీటర్లు. 50 మిల్లీమీటర్ల బాల్ చూడ్డానికి అలాగే ఉంటుంది, కానీ 2 అంగుళాల కప్లర్ దాని మీద వదులుగా కూర్చుంటుంది. రెండింటి మీద ఉన్న సైజు చదివి సరిచూసుకోండి. లాచ్ వేసి పిన్ను పెట్టాక, జాకీతో ట్రైలర్ ముందు భాగాన్ని కొంచెం పైకి లేపండి. దాంతోపాటు కారు వెనక భాగం కూడా లేవాలి. కప్లర్ ఊడి వస్తే బాల్ సరిగా కూర్చోలేదన్నమాట, అలా రోడ్డెక్కకండి. సేఫ్టీ చెయిన్లు కప్లర్ కింద అడ్డంగా ఒకదాని మీదుగా ఒకటి దాటేలా తగిలించండి. కప్లర్ ఊడినా అవి దాన్ని రోడ్డుకి తగలకుండా పట్టుకుంటాయి.