ఇంటిగ్రేటివ్ సైకోథెరపీ ట్రైనింగ్: ఫీజు కట్టేముందు క్లయింట్ గంటల సంగతి తేల్చుకోండి

ఇంటిగ్రేటివ్ సైకోథెరపిస్ట్ (అంటే ఒకే పద్ధతికి పరిమితం కాకుండా, వేర్వేరు పద్ధతుల్ని కలిపి మాటలతో మానసిక చికిత్స చేసేవాళ్లు) కావాలని పోస్ట్‌గ్రాడ్యుయేట్ కోర్సు వెతుకుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను చేరిన సంస్థ పేరు చెప్పడం లేదు. ఆ సంస్థ మీద ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. వేరే సంస్థల్లో చదివినవాళ్లతో మాట్లాడితే వాళ్లూ దాదాపు ఇవే మాటలు చెప్పారు. అందుకని పేరు కంటే, డబ్బు ఎక్కడ ఎలా ఇరుక్కుంటుందో తెలియడమే మీకు ఎక్కువ పనికొస్తుంది.

ఈ చదువుకి అంత డబ్బు పెట్టేది క్లాసుల కోసం కాదు, చివర్లో థెరపిస్ట్‌గా నమోదయ్యే అర్హత కోసం. ఆ అర్హతని గంటల్లో లెక్కపెడతారు. యూరోపియన్ అసోసియేషన్ ఫర్ సైకోథెరపీ ఇచ్చే సర్టిఫికెట్‌కి మొత్తం 3200 గంటలు, కనీసం 7 ఏళ్లు కావాలి. మొదటి 3 ఏళ్లు డిగ్రీ స్థాయి చదువు, మిగతా 4 ఏళ్లు థెరపీ శిక్షణ. ఆ శిక్షణలో మన సొంత థెరపీకి 250 గంటలు, సూపర్‌విజన్‌కి (అనుభవమున్న థెరపిస్ట్‌తో మన కేసుల్ని చర్చించడానికి) 150 గంటలు, క్లయింట్లతో, అంటే థెరపీకి వచ్చేవాళ్లతో పనికి 300 నుంచి 600 గంటలు. బ్రిటన్‌లో కౌన్సెలర్లు, సైకోథెరపిస్టుల సంఘమైన బీఏసీపీ వ్యక్తిగత అక్రెడిటేషన్‌కి (గుర్తింపుకి) సూపర్‌విజన్‌తో కూడిన ప్రాక్టీస్ కనీసం 450 గంటలు ఉండాలంటుంది. సంస్థని బట్టి అంకెలు మారతాయి కానీ ఒక సంగతి మాత్రం మారదు: క్లాసులో కూర్చున్నంత మాత్రాన ఈ లెక్క పూర్తి కాదు.

మా కోర్సు బ్రోషర్‌లో 'రిజిస్ట్రేషన్‌కి దారితీసే కోర్సు' అని రాసి, పక్కనే ఒక పెద్ద వృత్తి సంఘం లోగో వేశారు. అడ్మిషన్ ఇంటర్వ్యూలో సూటిగానే అడిగాను, 'అవునండీ, మేం మెంబర్లమే' అన్నారు. అది నిజమే. సంస్థగా సభ్యత్వం ఉంది. కోర్సుకి అక్రెడిటేషన్ మాత్రం లేదు, 'దరఖాస్తు దశలో' ఉందట. ఆ మాట రెండో ఏడాది ఫీజు కట్టాక గానీ బయటికి రాలేదు. సభ్యత్వం, అక్రెడిటేషన్ పూర్తిగా వేర్వేరు. సభ్యత్వానికి షరతులు ఒప్పుకుని చందా కడితే సరిపోవచ్చు. అక్రెడిటేషన్ అంటే సిలబస్, గంటలు, ట్యూటర్ల అర్హతలు బయటివాళ్లు వచ్చి తనిఖీ చేసినట్టు. కోర్సు పూర్తి పేరుతో సంఘం డైరెక్టరీలో వెతకండి. కనిపించకపోతే సంఘానికే మెయిల్ రాసి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. సంస్థ రిసెప్షన్‌లో చెప్పే మాటకి ఇక్కడ విలువ లేదు.

అసలు దెబ్బ ప్లేస్‌మెంట్ దగ్గర, అంటే ట్రైనీగా క్లయింట్లని చూసే చోటు దొరకడం దగ్గర తగిలింది. 'ప్లేస్‌మెంట్ సపోర్ట్' అని హామీ ఇచ్చారు. ఆ సపోర్ట్ ఏమిటంటే కొన్ని స్వచ్ఛంద సంస్థల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న ఒక ఎక్సెల్ షీట్. ఫోన్ చేస్తే చాలామంది ట్రైనీలని తీసుకోవడం ఎప్పుడో మానేశామన్నారు. తీసుకునేవాళ్లు ఇన్సూరెన్స్ అడిగారు, క్లయింట్లని చూడటానికి మేం సిద్ధంగా ఉన్నామని కోర్సు నుంచి ఒక లెటర్ కూడా అడిగారు. ఆ లెటర్ రావాలంటే ఒక అసెస్‌మెంట్ పాసవ్వాలి. ఆ అసెస్‌మెంట్ ఏడాదికి ఒక్కసారే పెడతారు. ఈత నేర్పిస్తామని డబ్బు కట్టించుకుని, నీళ్లు మీరే వెతుక్కోండి అన్నట్టుంది వ్యవహారం.

ఇప్పుడు లెక్క చూడండి. వారానికి ముగ్గురు క్లయింట్లు, ఒక్కొక్కరికి గంట, ఏడాదికి 40 వారాలు అనుకుంటే 120 గంటలు. 450 చేరాలంటే దాదాపు 4 ఏళ్లు. అదీ ఎవరూ సెషన్ ఎగ్గొట్టకుండా ఉంటే. రాని క్లయింట్ కోసం ఖాళీ గదిలో కూర్చున్న గంట మా కోర్సులో లెక్కలోకి రాదు. ప్లేస్‌మెంట్ ఏడాది ఆలస్యమైతే మొత్తం ఏడాది వెనక్కి పోతుంది. ఈలోగా క్లాసులు అయిపోతాయి కానీ మీరు ఇంకా 'విద్యార్థే' కాబట్టి ఏటా కొనసాగింపు ఫీజు కట్టాలి. సూపర్‌విజన్ ఖర్చు వేరు, సూపర్‌వైజర్‌ని సంస్థ జాబితాలోంచే ఎంచుకోవాలి. బ్రోషర్‌లో పెద్ద అక్షరాల్లో ఉన్న ఫీజు మొత్తం ఖర్చులో ఒక ముక్క మాత్రమే. విద్యార్థి ఆలస్యమైన కొద్దీ సంస్థకి ఆదాయం వచ్చే ఏర్పాటు ఇది. కావాలనే చేశారని నేను అనను, కానీ దాన్ని తొందరగా సరిచేయాల్సిన అవసరం వాళ్లకి ఏముంది?

'ఇంటిగ్రేటివ్' అన్న మాట గురించీ కాస్త. వేర్వేరు థెరపీల్లో ఉమ్మడిగా పనిచేసే అంశాలేవో ఉన్నాయని అమెరికన్ సైకాలజిస్ట్ సాల్ రోజెన్‌జ్వైగ్ 1936లోనే వాదించాడు. ఆ తర్వాత ఈ రంగంలో కొన్ని స్పష్టమైన దారులు ఏర్పడ్డాయి. ఆ ఉమ్మడి అంశాల మీద ఆధారపడటం ఒక దారి. సిద్ధాంతాలనే కలిపి కొత్తది కట్టడం ఇంకొకటి, కాగ్నిటివ్ పద్ధతినీ మనోవిశ్లేషణనీ కలిపి బ్రిటిష్ డాక్టర్ ఆంథనీ రైల్ రూపొందించిన కాగ్నిటివ్ అనలిటిక్ థెరపీ లాగా. ఒక పద్ధతిలో గట్టిగా నిలబడి మిగతావాటి నుంచి అవసరమైనది తెచ్చుకోవడం మరొకటి, దాని గురించి అమెరికన్ సైకాలజిస్ట్ స్టాన్లీ మెస్సర్ రాశాడు. మా కోర్సులో వీటి ఊసే లేదు. వారానికో థెరపీ పద్ధతి పేరు: ఒక వీకెండ్ గెస్టాల్ట్, ఒక వీకెండ్ సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ), ఇంకో వీకెండ్ ట్రాన్సాక్షనల్ అనాలిసిస్. ఎదురుగా కూర్చున్న మనిషికి ఎప్పుడు ఏది, ఎందుకు అన్న చర్చ జరగనే లేదు. చివరి కేస్ స్టడీలో మాత్రం 'మీ సొంత ఇంటిగ్రేటివ్ ఫ్రేమ్‌వర్క్' రాయమంటారు! మీరు ఏ ఇంటిగ్రేషన్ మోడల్ నేర్పుతారని ఇంటర్వ్యూలో అడగండి. 'అన్నిట్లోంచి మంచిది తీసుకుంటాం' అంటే అది మోడల్ కాదు. ముగ్గురేసి చేసే స్కిల్స్ ప్రాక్టీస్ మాత్రం బాగా జరిగింది, ఆ ట్యూటర్‌ని తప్పుపట్టడానికి ఏమీ లేదు.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టింది ఇంకొకటి. కోర్సులో భాగంగా మనం కూడా థెరపీకి వెళ్లాలి, అది సబబే. కానీ సంస్థ ఆమోదించిన థెరపిస్టుల జాబితాలో ఎక్కువమంది మా ట్యూటర్లే. సోమవారం మన మనసులో ఉన్నదంతా విన్న మనిషే శనివారం మన వ్యాసానికి మార్కులు వేస్తారు, ఏడాది చివర్లో పై ఏడాదికి పంపాలో వద్దో తేల్చే ప్యానెల్‌లోనూ కూర్చుంటారు. ఇలాంటి రెండు పాత్రల సంబంధం పెట్టుకోవద్దని క్లయింట్ల విషయంలో మాకు పాఠం చెప్పింది కూడా వాళ్లే. ఒక తోటి విద్యార్థిని దీని గురించి గ్రూపులో లేవనెత్తింది. 'అధికారంలో ఉన్నవాళ్లతో మీకున్న పాత సమస్య ఇక్కడ పైకొస్తున్నట్టుంది, దాన్ని మీ థెరపీకి తీసుకెళ్లండి' అని జవాబు. ఫీజు రసీదు గురించి అడిగినా ఇదే ధోరణి. వేరే ఏ చదువులోనైనా ఫిర్యాదు ఫిర్యాదుగానే ఉంటుంది. ఇక్కడ అది మీ వ్యక్తిత్వ లోపంగా మారి, మీ ఫైల్‌లోకి ఎక్కుతుంది. ఆ టెన్షన్‌తో చాలామంది నోరు విప్పలేదు. కాబట్టి ఫిర్యాదు వినేది సంస్థలోని వాళ్లేనా, బయటివాళ్లా అన్నది చేరకముందే అడగండి.

ఇంకో రెండు మాటలు. బ్రిటన్‌లో సైకోథెరపిస్ట్ అన్న పేరుకి చట్టరక్షణ లేదు, జర్మనీలో 1999 నుంచి ఉంది. ఒకచోట తీసుకున్న సర్టిఫికెట్ ఇంకోచోట చెల్లుతుందని అనుకోకండి, పనిచేయబోయే దేశం నిబంధనలు విడిగా చూసుకోండి. ఇక 'మా దగ్గర ఇంతమంది పాసయ్యారు' అన్న అంకెతో సరిపెట్టుకోవద్దు. ఫలానా బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, వాళ్లలో ఎంతమంది రిజిస్టర్ అయ్యారు, ఎన్నేళ్లకి అయ్యారు అని అడగండి. మా దగ్గర ఆ ప్రశ్నకి ఇప్పటికీ జవాబు రాలేదు.

ఇప్పటికే చేరి ఉంటే, క్లయింట్ గంటల లాగ్ మీద ప్రతి నెలా సూపర్‌వైజర్ సంతకం పెట్టించుకుని కాపీ మీ దగ్గర ఉంచుకోండి. మా మొదటి సూపర్‌వైజర్ మధ్యలో సంస్థ జాబితా నుంచి తప్పుకుంటే, అప్పటిదాకా చేసిన గంటల మీద పెద్ద పేచీ వచ్చింది. నేను బదిలీకి అడిగిన మరో సంస్థ మాడ్యూల్ వివరాలు, క్లాసు గంటలు, సంతకాలున్న లాగ్‌లు అన్నీ చూసి థియరీని, క్లయింట్ గంటల్ని లెక్కలోకి తీసుకుంది. మా ట్యూటర్‌తో చేసిన థెరపీ గంటల్ని మాత్రం ఒక్కటి కూడా ఒప్పుకోలేదు.